సోమవారంలోగా పంపవలసిన జాబితా

ఫారం పైనుంచి వచ్చింది.
మీ పట్టణంలో చూడదగిన ప్రదేశాలు, అయిదుకు తగ్గకుండా.
కమిషనరుగారు నా బల్ల మీద పెట్టి
"ఈ ఊరిదానివేగా, రాసేయ్ నూకరత్నం" అన్నారు.
ఆయన బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలు,
గది కిటికీ ఇంకా తెరవలేదు.

తెరిస్తే ఊక నుసి వస్తుంది.
మా మండపేటలో ఆకాశం నుంచి
వాన కంటే ముందు రాలేది అదే.
ఆరేసిన తెల్ల చొక్కా మీద,
పెరుగు గిన్నె మీద, శుభలేఖ మీద
మినప్పొట్టంత నల్లటి నలుసు.
ఊదాలి గాని తుడవకూడదు,
తుడిస్తే గీత పడుతుంది.
ఇక్కడి పిల్లలకి ఓనమాల కంటే ముందొచ్చే చదువు ఇది.
ఫారంలో దీనికి గడి లేదు.

రాజమండ్రి నుంచి ఫొటోలు తీసే కుర్రాడొచ్చాడు, గుత్తుల సుమంత్.
కాలువ గట్టున నిలబడి
కెమెరా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"ఏటండీ ఇది, కొబ్బరిచెట్టు తీద్దామంటే
వెనకాల పొగగొట్టం వచ్చి నిలబడుతుంది
పెళ్లి ఫొటోలో తొంగిచూసే బావగారిలా!"
నవ్వాను.
కాసేపయ్యాక కోపమొచ్చింది.

ఆ మూడో గొట్టం కింద మా నాన్న
ఇరవై ఆరేళ్లు బోయిలరుకి ఊక తినిపించాడు.
పొగ రంగు చూసి లోపలి సంగతి చెప్పేవాడు
సైకిలు దిగకుండానే.
పసుపు తిరిగితే ఊక తడిసింది,
నల్లగా లేస్తే ఎవడో కునుకు తీస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి రమ్మన్నాను సుమంత్‌ని.
ఉడికిన ధాన్యం కళ్లంలో పోస్తున్నారు, పొగలు కక్కుతూ.
పాలిక మంగాయమ్మ, ఆమె కోడలు, ఇంకో ఆరుగురు
వట్టి కాళ్లతో దాని మీద నడుస్తున్నారు,
అడుగు ఎత్తకుండా, ఈడ్చుకుంటూ.
పాదాల వెనక సాళ్లు.
ఎకరం మేర దువ్విన తల.
"మొహాలొద్దు బాబూ" అంది మంగాయమ్మ,
"కాళ్లు తియ్యి. కూలి వాటిది."
తీశాడు.
అరికాళ్లు చూపించమంటే మాత్రం
చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

వాసన సంగతి దాచను.
నానిన వడ్ల పులుపు అది;
బస్సు దిగినవాళ్లు ముక్కు మూసుకుంటారు.
కాకినాడలో చదువుకునే రోజుల్లో నేనూ
క్లాసులోకెళ్లే ముందు జడ వాసన చూసుకునేదాన్ని,
మా ఊరు జుట్టులోంచి బయటపడుతుందేమోనని.

మొన్న రాత్రి లారీ స్టాండులో
త్రిసూరు డ్రైవరు వర్గీస్,
ఉప్పుడు బియ్యం లోడు కోసం రెండ్రోజులుగా పడిగాపులు,
లారీ నీడన పంపుస్టవ్ మీద గంజి పెట్టి
గాలికి ఎదురుగా మొహం తిప్పి
కళ్లు మూసుకుని కూర్చున్నాడు.
"ఏం చూస్తున్నావన్నా?" అన్నాను.
వచ్చీ రాని తెలుగులో
"ఇల్లు" అన్నాడు.

ఆ బియ్యం మేం వండుకోం.
ఎన్నడూ నోట పెట్టని అన్నం వాసనలో
పుట్టి పెరిగాం ఊరంతా.
మరో సముద్రం ఒడ్డున ఎవరో కుండ మూత తీస్తే
మా ఊరు కాసేపు ఆ వంటింట్లో తిరిగొస్తుంది కాబోలు,
టిక్కెట్టు లేకుండా.

శనివారం సాయంత్రం ఫారం నింపాను.
ప్రవేశ రుసుము: లేదు. తెల్ల బట్టలు వద్దు.
అనువైన కాలం: దాళ్వా కోతలయ్యాక, జలుబు లేనప్పుడు.
బస: వర్గీస్‌ని అడగాలి.
నాలుగు ప్రదేశాలు రాశాను:
ఒక పొగగొట్టం, ఒక కళ్లం, లారీ స్టాండు,
కాలువ మీద వంతెన, అక్కణ్ణుంచి మిగతా మూడూ కనిపిస్తాయి గనక.
అయిదోది తోచలేదు.

కమిషనరుగారు చాలాసేపు చదివారు.
"అయిదు కావాలమ్మా" అన్నారు.
అప్పుడే నా చున్నీ మీంచి కాబోలు
ఖాళీ గడిలో ఓ నలుసు రాలింది.
"ఊదండి సార్" అనేలోపే
బొటనవేలితో తుడిచేశారు.

ఆయ్, ఆ గీతతోనే పంపించాం.